మోటార్ బ్రదర్ సాక్ష్యం

ఆ రోజుల్లో మనిషికి బిరుదు రావడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆ రోజులంటే మరీ పాత సంగతేం కాదు. నేను అమెరికా వచ్చి, మోరిస్‌విల్‌లో మొదటి ఉద్యోగంలో చేరి, ఇద్దరు రూమ్మేట్లతో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, "సంబంధాల వాళ్లకి పంపాలి నాన్నా, నవ్వుతూ ఒక ఫొటో దిగు" అని అమ్మ పోరుతుంటే వారానికో కొత్త చొక్కా వేసుకుని దిగుతున్న రోజులు. మా తెలుగు చర్చిలో బిరుదులు మరీ చవక. ఒక శీతాకాలమంతా దగ్గిన పాపానికి ఒకాయన దగ్గు అంకుల్ అయిపోయాడు. దగ్గు తగ్గి ఏళ్లయినా పేరు తగ్గలేదు. క్రిస్మస్ నాటకంలో ఒకే ఒక్కసారి గొర్రె వేషం వేసిన పిల్లాడిని మీసాలొచ్చాక కూడా గొర్రెపిల్ల అనే పిలిచేవాళ్లు (వాడు ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చేవాడు, ఆ పేరుకు మాత్రం వెంటనే పలికేవాడు). వాళ్లతో పోలిస్తే నాకు దక్కింది గౌరవమైన బిరుదే. మోటార్ బ్రదర్.

అదెలా వచ్చిందో చెప్పాలి. మా చర్చిలో వంతుల లిస్టులన్నీ రాసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. కుర్చీలు ఎవరు వెయ్యాలి, మైకు ఎవరు చూడాలి, అంట్లు ఎవరు కడగాలి, అన్నీ ఆయన రాసిన కాయితంలోనే ఉండేవి, అందుకని ఆయన లిస్టు అంకుల్. ఒక శనివారం వాళ్లింటికి నన్ను భోజనానికి పిలిచారు. వాళ్లావిడ పచ్చడి రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోయింది. నేను లేచి వెళ్లి, మిక్సీని తిరగేసి, కింద ఉండే ఎర్ర బటన్ నొక్కి, మళ్లీ నిలబెట్టాను. బర్రుమని తిరిగింది. (లోడ్ ఎక్కువైతే మిక్సీ దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ తిరగడానికి ఆ బటన్. మా అమ్మ రోజుకి రెండుసార్లు నొక్కేది. ఆవిడకెవరూ బిరుదివ్వలేదు.) "ఎలక్ట్రికల్ ఇంజినీరంటే ఊరికేనా మరి!" అన్నారు లిస్టు అంకుల్, పచ్చడి కంటే ముందు నన్ను చూసి. "అంకుల్, ఇది చదువు కాదు, బటన్" అని నేను అప్పుడే అనేసి ఉంటే ఈ కథ లేదు. అనలేదు. చేతులు తుడుచుకుంటూ, "వైండింగ్ వేడెక్కింది అంకుల్, ఇప్పుడు పర్లేదు" అన్నాను. మర్నాటికల్లా చర్చి మొత్తానికి నేను మోటార్ బ్రదర్. నిజానికి నేను అప్పటికి చేస్తున్న ఉద్యోగం, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్‌లో బటన్లు నొక్కితే పనిచేస్తున్నాయో లేదో చూడటం. ఆ లెక్కన మిక్సీ కూడా నా శాఖే.

మా చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు పొద్దున వాళ్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మాకు హాలు, పక్కనున్న వంటగది ఇచ్చేవాళ్లు. ఆరాధన తర్వాత అందరం కలిసి భోంచెయ్యడం మా ఆనవాయితీ. మొదట్లో పేపర్ ప్లేట్లే వాడేవాళ్లం. చెత్త సంచులు మోయలేక పాస్టర్ అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, ఇండియా నుంచి స్టీలు కంచాలు తెప్పించారు. ఆ కంచాల కోసం వంటగదిలో ఉన్న డిష్‌వాషర్ వాడుకోవచ్చా అని అమెరికన్ చర్చి వాళ్లని అడిగాం. ఆ బిల్డింగ్ తాళాలు చూసుకునే ముసలాయన ఒకాయన ఉండేవాడు, మాలో మేం తాళాల తాత అనుకునేవాళ్లం. ఆయన వచ్చి, ఎలా సర్దాలో, సబ్బు ఎక్కడ వెయ్యాలో ఓపిగ్గా చూపించి, "ఏదన్నా తేడా వస్తే నాకు చెప్పండి, అంతే" అని వెళ్లాడు. మా ఇళ్లల్లో డిష్‌వాషర్ అంటే చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అల్మారా. అలాంటిది అది నిజంగా తిరగడం, నీళ్లు చిమ్మడం చూడ్డానికి మొదటి ఆదివారం సగం చర్చి వంటగదిలోనే ఉంది.

ఇక ఆ వంటగది రాణి పులుసు ఆంటీ. బాపట్ల దగ్గర పుట్టి, నర్సుగా గల్ఫ్ వెళ్లి, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చి, హాస్పిటల్లో డ్యూటీ చేసుకుంటూ ఒక్కర్తే ఉండేది. అన్నం, కోడికూర, పెరుగు ఎవరి వంతు ప్రకారం వాళ్లు తెచ్చినా, పులుసు మాత్రం ఆవిడదే. అందులోనూ ములక్కాడల పులుసు. ఇండియన్ షాపులో దొరికే ఫ్రోజెన్ ముక్కలే, నార ఎక్కువ, గుజ్జు తక్కువ, అయినా ఆవిడ చేతిలో పడితే వాటి రాత మారిపోయేది. పైన నూనె తేలుతూ, ఎర్రగా, కాస్త బెల్లం తగిలి, ఆ పులుసు కోసమే వెనక వరసలో కూర్చుని ఆశీర్వాదం ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లలో నేను మొదటివాణ్ని. వారమంతా హాస్పిటల్లో నిలబడి నిలబడి, ఆదివారం కూడా ఇక్కడ స్టవ్ ముందు నిలబడతారేంటి ఆంటీ అని ఒకసారి అడిగాను. "అదేందయ్యా, వారంలో నేను ఎవరికన్నా వండేది ఈ ఒక్క పూటే గదా. ఇదీ లేకపోతే ఇంక నాకేముంది?" అంది. మామూలుగానే అంది, గరిటె తిప్పుతూ. మా బ్యాచిలర్లకి మిగిలిన పులుసు డబ్బాల్లో పోసిచ్చి, డబ్బా కడిగి తేకపోతే తిట్టేది కూడా.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. ఒక ఆదివారం అంట్ల వంతు నాది. డిష్‌వాషర్ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. కింది అర బయటికి లాగి చూస్తే గ్లాసు లాంటి ఒక ఫిల్టర్ కనిపించింది, నిండా జిడ్డు, మెతుకులు. అది తీసి శుభ్రంగా కడిగాను. అంతవరకు నేను చేసింది సరైన పనే. తిరిగి పెట్టబోతే మాత్రం అది కూర్చోలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను, పైకి నిలబడే ఉంది. వెనకాల కంచాలు పట్టుకుని క్యూ, "ఏంటి మోటార్ బ్రదర్, రెడీయేనా?" అని కేకలు. ఫిల్టర్‌ని పక్కనున్న డ్రాయర్లో, ఫాయిల్ చుట్టల కింద పెట్టేసి, తర్వాత చూద్దాంలే అని మిషన్ ఆన్ చేశాను. భేషుగ్గా తిరిగింది. పైగా నీళ్లు ఇదివరకటి కంటే తొందరగా పోయాయి. అమెరికా వాడి డిజైన్‌ని నేను ఇంకాస్త మెరుగుపరిచానని లోలోపల మురిసిపోయాను కూడా. (ఈ ఫిల్టర్ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం ఇంటికెళ్లేలోపే మర్చిపోయాను.)

మూడు వారాలు గడిచాయి. నాలుగో ఆదివారం భోజనాలయ్యాక, కంచాలు సర్ది బటన్ నొక్కితే, నీళ్లు నిండిన చప్పుడు వచ్చింది కానీ చిమ్మే చప్పుడు రాలేదు. మ్మ్... మ్మ్... అని ఒకటే మూలుగు. కాసేపటికి టక్కుమని అదీ ఆగిపోయింది. అందరూ చుట్టూ చేరారు. కరెంట్ తక్కువొస్తోందని దగ్గు అంకుల్, సబ్బు మార్చి చూడమని ఇంకొకావిడ, ప్రార్థన చేద్దామని అమ్మగారు. లిస్టు అంకుల్ మాత్రం అందరినీ పక్కకి జరగమని, "తమ్ముడూ, నువ్వు చెప్పు" అన్నారు. ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తలుపు దగ్గర చెవి పెట్టి, డాక్టర్ లాగా కళ్లు మూసుకుని విన్నాను. "కెపాసిటర్ పోయింది అంకుల్. మోటార్ తిరగడానికి మొదట్లో ఒక తోపు ఇచ్చేది అదే. అది లేకపోతే ఇలా మూలుగుతుంది" అన్నాను. ఇది పుస్తకంలో ఉన్న మాటే, అంతవరకు తప్పు లేదు. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. "ఎందుకు పోయి ఉంటుందంటావ్?" అన్నారు. నాకేం తెలుసు? కానీ ఎదురుగా ఇరవై మంది నా నోటి వంక చూస్తున్నారు. పక్కన సింకులో పులుసు గిన్నె కనిపించింది, అంచు చుట్టూ ఎర్రగా నూనె. "నూనె అంకుల్" అనేశాను. "నూనె, చింతపండు జిగురు కలిసి లోపల పేరుకుపోతాయి. మోటార్ మీద లోడ్ పడుతుంది. ఈ మిషన్లు వీళ్ల తిండికి డిజైన్ చేసినవి, మన పులుసులకి కాదు." నా గొంతు నాకే ఎంత బాగా వినిపించిందో! వెనక పులుసు ఆంటీ చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉందని నేను తర్వాత చూశాను.

ఆ సాయంత్రమే పెద్దలు మాట్లాడుకున్నారు. మిషన్ మనది కాదు, రేపు వాళ్లు వంటగదే వద్దంటే భోజనాలే ఆగిపోతాయి, అందుకని ఇకనుంచి పులుసులు, ఇగురులు బంద్, రెస్టారెంట్ నుంచి ట్రేలు తెప్పిద్దాం అన్నారు. వంట లిస్టులో ఆంటీ పేరు కొట్టేశారు. లిస్టు అంకుల్ ఆవిడకి మెల్లిగానే చెప్పారు, "సిస్టర్, మీరు కూడా కాస్త రెస్టు తీసుకోండి" అని. నేను పక్కనే ఉన్నాను. ఏదో ఒక మాట పోట్లాడుతుందేమో అనుకున్నాను, ఎందుకంటే డబ్బా కడగలేదని నన్ను అరగంట తిట్టగలిగిన మనిషి ఆవిడ. "సరే బ్రదర్. ఆ అబ్బాయి చదువుకున్నోడు గదా, తెలిసే చెప్తాడు" అంది. గుడ్డ మడిచి సింకు అంచు మీద పెట్టి, తన పెద్ద గరిటె మాత్రం కడుక్కుని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. నాకు లోపల ఎక్కడో చివుక్కుమంది. సైన్స్ అంటే సైన్స్ కదా అని సర్ది చెప్పుకున్నాను.

తాళాల తాతకి చెప్పాం. ఆయన పెద్దగా కంగారుపడలేదు. "మీలో ఇంజినీర్ ఉన్నాడంటున్నారుగా, చూడనివ్వండి. కుదరకపోతే నేను మనిషిని పిలుస్తా" అన్నాడు. తర్వాతి శనివారం మల్టీమీటర్ పట్టుకుని, మెయిన్ బోర్డులో కరెంట్ ఆపేసి, మిషన్ కింది రేకు విప్పి, నేల మీద బోర్లా పడుకుని కొత్త కెపాసిటర్ బిగించాను. రూమ్మేట్ ఫొటోలు తీశాడు (అమ్మకి ఒకటి పంపాను కూడా, "సంబంధాల వాళ్లకి ఇది వద్దులే నాన్నా" అంది). ఆన్ చేస్తే మళ్లీ అదే మూలుగు. అయితే మోటారే కాలిపోయిందన్నమాట, అన్నాను. మీటర్ పెట్టి చూస్తే వైండింగ్, అంటే మోటార్ లోపల చుట్టిన రాగితీగ, సరిగ్గానే ఉందని అంకెలు చెప్తున్నాయి. అంకెలు అబద్ధం చెప్తున్నాయని నేను తీర్మానించి, కొత్త మోటార్ ఆర్డర్ పెట్టాను.

ఆ ఆదివారం భోజనం రెస్టారెంట్ ట్రేల్లోంచి, పేపర్ ప్లేట్లలో. ఫ్రైడ్ రైస్ చల్లారిపోయి ఉంది. ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. పులుసు ఆంటీ ఆరాధనకి వచ్చింది. ఎప్పుడూ వంటగది తలుపు పక్క కుర్చీలో కూర్చుని, పాట మధ్యలో లేచి స్టవ్ తగ్గించి వచ్చే మనిషి, ఆ రోజు చివరి వరసలో గోడవైపు కూర్చుంది. ఆశీర్వాదం అవ్వగానే "వందనాలు, వందనాలు" అంటూ తల వంచుకుని కారెక్కేసింది. గొర్రెపిల్ల నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆంటీ ఎందుకు తినకుండా వెల్లిపోయింది? షి మ్యాడ్ ఆర్ సంతింగ్?" అని అడిగాడు. డ్యూటీ ఉందేమోలే అన్నాను. ఆ రోజు ఆవిడకి డ్యూటీ లేదని నాకు తెలుసు. నా ఫ్రైడ్ రైస్ ప్లేటు సగంలోనే చెత్త సంచిలో పడేశాను.

మోటార్ వచ్చింది. ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం పెట్టె పట్టుకుని వెళ్తే, తాళాల తాత తలుపు తీసి, వెళ్లిపోకుండా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను మళ్లీ నేల మీద పడుకుని, కింది రేకు విప్పబోతున్నాను. "అబ్బాయ్, ముందు దాన్ని చేత్తో తిప్పి చూశావా?" అన్నాడు ఇంగ్లిష్‌లో, చాలా మర్యాదగా. ఏది అన్నాను. "మోటార్ తిప్పే చక్రం. నీళ్లు తోడే చక్రం. పైనుంచి, టబ్బులోంచి." నేను ఇన్నాళ్లూ కిందనుంచే వెళ్లాను. టబ్బులో మురికి నీళ్లు నిలిచి ఉన్నాయి, అందులో చెయ్యి పెట్టడం మల్టీమీటర్ ఉన్నవాడి పని కాదని నా ఉద్దేశం. ఆయన చూస్తున్నాడు కదా అని నీళ్లు తోడేసి, కింది చిమ్మే రెక్క, దాని కింది మూత విప్పి, వేలు పెట్టాను. చక్రం కదల్లేదు. దాని ఇరుసు చుట్టూ ఏదో గట్టిగా, తాడులాగా తగిలింది. పట్టకారుతో లాగితే వచ్చింది, ఒక పోగు, ఇంకో పోగు, ఇంకో పోగు. ఆకుపచ్చా కాదు, గోధుమరంగూ కాదు. నీళ్లలో నాని, ఒకదాని మీదొకటి బిగిసి చుట్టుకుని, చూడ్డానికి అచ్చం మోటార్ వైండింగ్ లాగే ఉంది.

"తాడా?" అన్నాడు తాత. కాదు, ఒక కూరగాయ పీచు అన్నాను. నమిలి, రసం పీల్చి, పీచు కంచం అంచున పెట్టేస్తాం అని చేత్తో చేసి చూపించాను. ఆయన, తినలేనిదాన్ని ఎందుకు వండుతారు అని అడగబోయి మానేశాడనుకుంటా. "నేను ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో మెషిన్లు చూశాను. షాఫ్టుకి నూలు చుట్టుకుంటే మోటార్ ఇలాగే మూలుగుతుంది. మేం ముందు చెయ్యి పెట్టి తిప్పేవాళ్లం, తర్వాతే మీటర్" అన్నాడు. అందులో వెటకారం లేదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. తర్వాత ఆయన వంగి టబ్బులోకి చూసి, "అది సరే, ఇంత పీచు ఇక్కడిదాకా ఎలా వచ్చింది? ఫిల్టర్ ఏది?" అన్నాడు.

నా తల కొట్టేసినట్టయింది. లేచి, డ్రాయర్ లాగి, ఫాయిల్ చుట్టల కింద చెయ్యి పెట్టాను. ఉంది. నేను కడిగి పెట్టినంత శుభ్రంగా ఉంది. ఆయన దాన్ని అందుకుని, గుంటలో దించి, పావు వంతు తిప్పాడు. టిక్కుమంది. ఇది తిరిగి పెట్టడం చేతకాకనా నేను ఆ రోజు దాచింది అనిపించింది. అన్నీ బిగించి, ఖాళీ మిషన్ ఆన్ చేస్తే సుయ్యిమని నీళ్లు చిమ్మింది. తాత తాళాలు తీసుకుంటూ, "మీ వాళ్లకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నా మటుకు నేను బాగైందని రాసుకుంటా" అన్నాడు. కొత్త మోటార్ పెట్టె విప్పకుండా బల్ల మీద అలాగే ఉంది.

పార్కింగ్ లాట్‌లో ఉండగానే లిస్టు అంకుల్ ఫోన్. "ఏం తమ్ముడూ, అయిందా?" "పనిచేస్తోంది అంకుల్." "శెభాష్! మోటార్ మార్చేశావన్నమాట!" నేను "సరే అంకుల్, సిగ్నల్ సరిగా లేదు" అన్నాను. సిగ్నల్ నిక్షేపంలా ఉంది. ఇంటికెళ్లేదాకా లెక్కలు వేసుకున్నాను. అబద్ధం నేను చెప్పలేదు, ఆయనే అనుకున్నారు. మిషన్ బాగైంది. ఫిల్టర్ ఉంది. ఇంక ఎవరికి నష్టం? ఆ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి చివరి వరసలో గోడవైపు కుర్చీ కనిపించేది. లెక్క మళ్లీ మొదటికొచ్చేది.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరి జీవితంలో దేవుడు ఏం చేశాడో వాళ్లు ముందుకొచ్చి చెప్పాలి. ఉద్యోగం, వీసా, జ్వరం తగ్గడం, ఇలాంటివి. లిస్టు అంకుల్ మైకు తీసుకుని, "మన మోటార్ బ్రదర్ రెండు శనివారాలు కష్టపడి మిషన్ బాగుచేశాడు. వచ్చి సాక్ష్యం చెప్పాలని కోరుతున్నాం" అన్నారు. చప్పట్లు. ముందే చెప్తే నేను ఏ జ్వరమో తెచ్చుకునేవాణ్ని. వెళ్లి మైకు పట్టుకున్నాను. చివరి వరసలో ఆంటీ కూడా చప్పట్లు కొడుతోంది. అది చూశాక నాలో లెక్కలన్నీ చెదిరిపోయాయి.

మా వాళ్లకి ఒక అలవాటుంది. సాక్ష్యం చెప్పేవాడు వాక్యం పూర్తిచేయగానే, అందులో ఏముందో చూసుకోకుండా ఆమెన్ అంటారు. "ముందుగా దేవుని నామానికి మహిమ" అన్నాను. "ఆమెన్!" "మోటార్ కాలిపోలేదండి." "ఆమెన్!" "కెపాసిటర్ పోయిందన్నాను. అదీ పోలేదు." "స్తోత్రం!" "కొత్త మోటార్ తెప్పించాను. అది పెట్టలేదు, పెట్టె కూడా విప్పలేదు." "హల్లెలూయా!" అని దగ్గు అంకుల్ రెండు చేతులూ పైకెత్తేశారు. మోటార్ దానంతటదే స్వస్థత పొందిందని ఆయన అనుకున్నారు పాపం.  "అదికాదండీ. లోపల ములక్కాడ పీచు చుట్టుకుంది. మిషన్‌లో ఒక ఫిల్టర్ ఉంటుంది, అది ఉంటే పీచు లోపలికి పోదు. దాన్ని తీసి డ్రాయర్లో దాచి మర్చిపోయినవాడు ఒకడున్నాడు." "ప్రభువా, క్షమించు!" అంది ముందు వరసలో ఎవరో ఆవిడ, పూర్తిగా మనస్ఫూర్తిగా. "ఆ ఒకడు నేనేనండి" అన్నాను.

 ఎవరి ఒళ్లోనో ఉన్న చంటిపిల్ల ఒక్కతే ఈసారి "ఆమెన్" అంది. "నూనె వల్ల పాడైందని నేను చెప్పింది తప్పు" అన్నాను, ఇక ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని. "నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నామోషీ అయ్యి, సింకులో ఏ గిన్నె కనిపిస్తే దాని మీదకి తోసేశాను. ఆంటీ వంటలో ఏ తప్పూ లేదు. ఆంటీ, నన్ను క్షమించండి."  పాస్టర్ అయ్యగారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి, మైకు తీసుకుని, తర్వాతి పాట నంబరు చెప్పారు. లిస్టు అంకుల్ మొహం ఎర్రబడింది. అయినా జేబులోంచి పెన్ను తీసి, అక్కడికక్కడే లిస్టు దిద్దారు. వంట దగ్గర ఆంటీ పేరు మళ్లీ రాశారు. అంట్ల దగ్గర నా పేరు రాసి, ఎన్ని వారాలో రాయలేదు.

ఆశీర్వాదం అయ్యాక వంటగదిలోకి వెళ్లాను, తిట్లకి సిద్ధపడి. ఆంటీ అప్పటికే అక్కడ ఉంది, సింకు దగ్గర. "నాయనా, ఇట్రా" అంది. తిట్టలేదు. తన గుడ్డ సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "నూనె వల్లన్నావు గదా, జిగురన్నావు. నిన్న డ్యూటీ దిగొచ్చినాక నూనె చుక్క లేకుండా చేశా. చింతపండు కూడా పల్చగా పిసికా. ములక్కాడలు ఉడకేసి, పీచంతా తీసేసి గుజ్జు మాత్రం గీకి వేశా. ఇట్టయితే మిషన్‌కి పర్లేదేమో, ఆరాధన అయినాక నిన్నడుగుదామని తెచ్చా. నువ్వు సరేనంటే బ్రదర్‌కి ఒక మాట చెప్తావని."

 నలభై ఏళ్లుగా పులుసు కాస్తున్న మనిషి, నేను నోటికొచ్చిందల్లా వాగిన మాట నమ్మి, ఒంటరిగా వంటింట్లో నిలబడి ములక్కాడ ముక్కల్లోంచి గుజ్జు గీకింది. ఈ వంటగదిలోకి మళ్లీ రానివ్వడానికి నా పర్మిషన్ కోసం. నాకు ఏడుపొచ్చింది. "ఇంక అదెందుకులే, బాగా రాలేదు, పారేస్తా" అని ఆవిడ డబ్బా తీసుకోబోతే లాక్కున్నాను. గోడకి ఆనుకుని, స్పూన్‌తో, అన్నం కూడా లేకుండా తిన్నాను. అంత చప్పటి పులుసు నేను జీవితంలో తినలేదు. వేడినీళ్లలో చింతపండు ముంచి తీసినట్టుంది. "ఎట్టుంది?" అంది. "బాగుంది ఆంటీ." ఆవిడ నా చేతిలో స్పూన్ తీసుకుని ఒక చుక్క నోట్లో వేసుకుని, "నీ మొహం, గడ్డిలాగుంది!" అని పకపకా నవ్వింది. రెండు వారాల తర్వాత ఆ నవ్వు వినడం. "వచ్చే వారం నూనె పోసి చేస్తాలే, ముందు ఆ ఫిల్టరేదో నాకు చూపీ" అంది.

ఇప్పుడు నాకూ చెవుల దగ్గర నెరిసింది, నన్నూ అంకుల్ అనే పిల్లలు చుట్టూ చేరారు. ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, మల్టీమీటర్, మడత నలగని చొక్కా, ఆ గొంతు. వాడు ఆ రోజు గోడకానుకుని డబ్బా అడుగంటా ఊడ్చి తిన్నాడు, చివరి స్పూన్ దాకా బాగుందనే అన్నాడు. మైకులో అన్ని నిజాలు చెప్పొచ్చాక కూడా ఆ ఒక్క అబద్ధం ఎందుకాడాడో నాకు తెలుసు. ఇవాళ ఆవిడ అడిగినా బాగుందనే చెప్తాను.